రాత్రి పూట ఆవు పడిపోతే మన పల్లెల్లో ఎవరిని పిలవాలి?

ఎర్రమన్నుపొలం
మాది చిత్తూరుకు పడమటి వైపు ఒక పల్లె. నాలుగు సంకరజాతి సీమ ఆవులున్నాయి. అందులో పెద్దది మొన్న శనివారం మధ్యాహ్నం ఈనింది, నాలుగో ఈత. పెయ్య దూడ పుట్టింది, మాయ కూడా వేళకే పడింది. రాత్రి జున్నుపాలు పిండుదామని వెళితే ఆవు లేవలేదు. మెడను డొక్క వైపు తిప్పి పెట్టుకుని అలాగే కూర్చుంది. చెవులు పట్టుకుంటే చల్లగా తగిలాయి. మా మండల పశువైద్యశాలలో డాక్టరు పోస్టు చాలా కాలంగా ఖాళీ, పక్క మండలం ఆయనే ఇన్‌ఛార్జి. ఫోను ఎత్తలేదని అబద్ధం చెప్పను. ఎత్తారు, కానీ బంధువుల పెళ్లికి వేరే జిల్లాలో ఉన్నారట. సచివాలయం పశుసంవర్ధక సహాయకుడు సెలవులో ఉన్నాడు. చివరికి ఊరూరా తిరిగి సూదులు వేసే ఒకాయన బైకు మీద వచ్చి, రెండు సీసాల కాల్షియం నరానికి ఎక్కించి, ఇంకా ఏవో మూడు సూదులు వేసి, 2,500 రూపాయలు తీసుకుని పోయాడు. తెల్లవారేసరికి ఆవు లేచి నిలబడింది. ఇప్పుడు తెలిసినవాళ్లందరూ నన్నే తిడుతున్నారు, చదువు లేనివాడి చేత నరానికి మందు ఎక్కిస్తావా అని. మరి ఎవరిని పిలవాలి? వాదనకు రాలేదు, నిజంగానే అడుగుతున్నాను.

చింతచెట్టుకింద
తిట్టేవాళ్లను ఒక రాత్రి మీ కొట్టంలో కాపలా పడుకోమనండి. నోళ్లు వాటంతట అవే మూతపడతాయి.

పాతమందులపెట్టె
పశుసంవర్ధక శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీరు రాసిన లక్షణాలన్నీ పాల జ్వరానివే. పేరుకే జ్వరం, నిజానికి ఒళ్లు చల్లబడుతుంది. ఎక్కువ పాలిచ్చే ఆవుకు, మూడో ఈత దాటాక, ఈనిన రెండు మూడు రోజుల్లోపే ఎక్కువగా వస్తుంది. రక్తంలోని కాల్షియం ఒక్కసారిగా పాలలోకి పోవడం వల్ల కాళ్లలో సత్తువ పోతుంది. కాల్షియం ఎక్కించడం సరైన వైద్యమే. నేను అడిగేది ఒక్కటి. ఒక్కో సీసా ఎంతసేపు ఎక్కింది?

ఎర్రమన్నుపొలం
గడియారం చూసే స్థితిలో ఎవరున్నాం? మొదటిది మాత్రం చాలా తొందరగా అయిపోయింది. సీసాను చేత్తో పైకెత్తి పట్టుకున్నాడు.

పాతమందులపెట్టె
అనుకున్నాను. సీసాను ఒంటి వెచ్చదనానికి తెచ్చి, చెవులకు గొట్టం తగిలించుకుని గుండె వింటూ, మెల్లగా ఎక్కించాల్సిన మందు అది. తొందరపడితే గుండె అక్కడే ఆగిపోతుంది. లేచిన ఆవును చూసి ఊరంతా ఆయన హస్తవాసిని మెచ్చుకుంటుంది. లేవని ఆవు విషయం వచ్చేసరికి ‘దాని ఆయువు తీరింది’ అని సరిపెట్టుకుంటారు. ఆ రెండో రకం ఆవులు ఆయన పద్దులోకి ఎప్పుడూ రావు.

పాలబిందె
పలమనేరు వైపు నుంచి రాస్తున్నాను. పెద్దాయన చెప్పినది కాదనను. కానీ ఎర్రమన్నుపొలం అన్నను తిట్టడానికి నాకు నోరు రావడం లేదు.

మా ఇంట్లో ఆవుల పని మొత్తం నాదీ మా అత్తగారిదీ. పేడ తీయడం, గడ్డి కోయడం, పిండడం, కేంద్రానికి తీసుకెళ్లి పోయడం అన్నీ మేమే. ఆసుపత్రికి తోలుకెళ్లాలన్నా, డాక్టరుకు ఫోను చేయాలన్నా మాత్రం ఇంటి మగవాడు ఉండాలి. ఆయనేమో బెంగళూరులో పనికి పోయి ఉంటాడు. ఆవు ఎదకొచ్చిందని సాయంత్రం పాలు పిండేటప్పుడు కనిపెట్టేది నేను. మర్నాడు ఉదయమే సూది పడాలి. ఆ కబురు బెంగళూరు వెళ్లి, అక్కడి నుంచి గర్భధారణ సూది వేసే గోపాలమిత్రకు చేరి, అతను వచ్చేసరికి మర్నాడు సాయంత్రం. ఇంకేం నిలుస్తుంది? మళ్లీ 21 రోజులు చూడాలి. ఆ 21 రోజుల దాణా ఖర్చు ఎవరి పద్దులో రాయమంటారు?

తెల్లకోటు_చివరిఏడాది
తిరుపతి పశువైద్య కళాశాలలో చదువుతున్నాను. అక్క చెప్పిన లెక్క సరైనదే. ఉదయం ఎద కనిపిస్తే అదే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం. మాకు పాఠంలో చెప్పేదీ అదే. ఆ గోపాలమిత్ర నంబరు మీ ఫోనులోనే పెట్టుకోండి అక్కా, బెంగళూరు మీదుగా తిరిగి రావాల్సిన అవసరం ఏముంది?

ఇక అన్న అడిగిన దానికి వస్తాను. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేసే హక్కు మండలిలో నమోదైన పశువైద్య పట్టభద్రులకే ఉంది. డిప్లొమా చేసినవాళ్లు డాక్టరు పర్యవేక్షణలో చిన్నపాటి సేవలు అందించవచ్చు. బైకు మీద వచ్చినాయన ఈ రెండు వర్గాల్లోనూ లేడు.

చింతచెట్టుకింద
చట్టం బాగుంది తమ్ముడూ. శనివారం రాత్రి పదకొండు గంటలకు అది ఏ నంబరులో దొరుకుతుందో కూడా చెప్పు.

తెల్లకోటు_చివరిఏడాది
నవ్వు ఆపుకోలేకపోయాను, ఒప్పుకుంటాను. కానీ డాక్టరు వైపు నుంచి కూడా చూడండి. 5,000 పశు యూనిట్లకు ఒక డాక్టరు ఉండాలని జాతీయ వ్యవసాయ కమిషన్ 1976లోనే చెప్పింది. మరోవైపు ఒకే మనిషి రెండు మండలాల వైద్యం చూస్తూ, టీకాల లక్ష్యాలు, బీమా పత్రాలు, నివేదికలు, వీడియో సమావేశాలు అన్నీ నెత్తిన పెట్టుకుంటున్నాడు. పెళ్లిపందిట్లో ఫోను ఎత్తాడంటేనే మంచివాడు.

ఎర్రమన్నుపొలం
ఆయన మంచివాడు కాదని నేను అనలేదు తమ్ముడూ. మంచివాడు అందుబాటులో లేడు అన్నాను.

ఊరికిదూరం
నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను, అమ్మానాన్న గుడిపాల దగ్గర ఆవులు పెట్టుకున్నారు. పశువుల అంబులెన్సుకు అందరూ 1962 అంటారు కదా, దాని సంగతి ఎవరూ రాయలేదేమిటి? ఒకసారి అమ్మ కంగారుగా ఫోను చేస్తే ఇక్కడి నుంచి నేనే 1962 కొట్టాను. తెలంగాణ వాళ్ల దగ్గరికి వెళ్లింది. అక్కడా అదే నంబరు.

సరిహద్దుసిగ్నల్
మీరు హైదరాబాదు నుంచి చేశారు కాబట్టి సరే. మాది కుప్పం అవతల, రాష్ట్రం అంచున ఉన్న ఊరు. ఇంటి ముందు నిలబడితే మన టవరు పలుకుతుంది, వెనక కొట్టంలోకి వెళ్లగానే తమిళనాడు టవరు పట్టుకుంటుంది. వాళ్లకూ 1962యే. ఆవు పక్కన నిలబడి చేస్తే ‘వణక్కం’ అని వినిపిస్తుంది. మాకు తమిళం ఇంటి భాషే కాబట్టి ఇబ్బంది లేదు. పాపం వాళ్లే మా ఊరి పేరు తమ జాబితాలో వెతికి వెతికి ‘అది మా పరిధి కాదండీ’ అంటారు. ఇప్పుడు ఇంట్లో అందరికీ చెప్పి పెట్టాను, ఆవుకు జబ్బు చేస్తే ముందు వీధిలోకి పరుగెత్తాలి అని.

చింతచెట్టుకింద
కర్ణాటక టవరు కూడా తగిలితే మూడు బళ్లు వస్తాయేమో, ప్రయత్నించండి.

సరిహద్దుసిగ్నల్
అక్కడా 1962యే అన్నా. చెరువు గట్టు ఎక్కితే అది కూడా దొరుకుతుంది.

పాతమందులపెట్టె
ఆ బళ్ల సంగతి కొంచెం వివరంగా చెబుతాను, లేకపోతే అనవసరంగా ఆశ పెట్టుకుని అనవసరంగా తిట్టుకుంటారు. మన రాష్ట్రంలో 2022 మేలో నియోజకవర్గానికి ఒకటి చొప్పున 175 సంచార వాహనాలు మొదలయ్యాయి. 2023 జనవరిలో మరో 165 వచ్చాయి. మొత్తం 340. అంటే నియోజకవర్గానికి దాదాపు రెండు. బండిలో ఒక డాక్టరు, ఒక సహాయకుడు, డ్రైవరు ఉంటారు. మైక్రోస్కోపు ఉంటుంది, పడిపోయిన పశువును ఎక్కించడానికి హైడ్రాలిక్ లిఫ్టు ఉంటుంది. పథకం మంచిదే. అయితే పలమనేరు నియోజకవర్గాన్నే తీసుకోండి. బండి వి.కోటలో ఒక ఆవు దగ్గర ఉన్నప్పుడు పెద్దపంజాణి నుంచి ఫోను వస్తే అది గాలిలో ఎగిరి రాదు. పైగా అది పగటి సేవ అనుకునే మీ ఏర్పాట్లు మీరు చేసుకోవాలి. అందుకని చీకటి పడేదాకా ఆగకండి. మధ్యాహ్నం మేత ముట్టకపోతేనే ఫోను చేయండి. చేసినప్పుడు ‘ఆవుకు బాగాలేదు, రండి’ అంటే చాలదు. ఎప్పుడు ఈనింది, పేడ వేసిందా, మూత్రం పోసిందా, కడుపు ఏ వైపు ఉబ్బింది, నోటి నుంచి జొల్లు కారుతోందా అనేవి చెబితే వాళ్లు ఏ కేసుకు ముందు వెళ్లాలో తేల్చుకుంటారు.

తోతాపురి
పెద్దాయన ‘ఏ వైపు’ అన్నారు కాబట్టి మా సంగతి రాస్తాను. మాది బంగారుపాళెం, తోటలో రాలిన మామిడికాయలు ఆవులకు అలవాటే. పోయిన కాపులో ఒక తోతాపురిని నమలకుండానే మింగేసింది. మెడ ఎడమ పక్కన వేళ్లకు గట్టిగా తగిలేది. జొల్లు తాడులా సాగి నేల మీద పడుతోంది. మేం చూస్తుండగానే ఎడమ డొక్క ఉబ్బి, వెన్నుపూస కంటే పైకి లేచింది. తడితే డప్పు మోత. పక్కతోట ఆయన వెదురు కర్ర తెచ్చి గొంతులోకి తోసేద్దామన్నాడు. అదృష్టం కొద్దీ డాక్టరు ఫోనులో దొరికి గట్టిగా కేకలేశారు: కర్ర పెడితే గొంతు చిరుగుతుంది, నూనె, నీళ్లు ఏవీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి అని.

ఆయన వచ్చాక ముందు డొక్కలో వెంట్రుకలు గీసి, మందు తుడిచి, గొట్టం ఉన్న మొనదేలిన సూదిలాంటి దాన్ని ఒక్క పోటు పొడిచారు. బుస్సుమని గాలి బయటికొచ్చింది, ఆ కంపుకు మేమే వెనక్కి జరిగాం. ఆవు ఊపిరి కుదురుకున్నాక నోటికి ఇనుప పట్టీ పెట్టి, ఒకాయన మెడ బయటి నుంచి కాయను పైకి ఒత్తుతుంటే డాక్టరు మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగారు. కాయ మీద పంటి గాటు కూడా లేదు.

చింతచెట్టుకింద
ఆ ఏడాది తోతాపురి కిలో ఎంతకు అమ్మారో గుర్తుంటే, ఆవు మింగడమే లాభమేమో చూద్దాం.

తోతాపురి
పుండు మీద కారం చల్లకు.

తెల్లకోటు_చివరిఏడాది
తోతాపురి అన్న రాసినది చదివి ఎవరూ ఇంట్లో డొక్క పొడవకండి, దయచేసి. చోటు తప్పితే లోపల చీము పడుతుంది. మా కళాశాల ఆసుపత్రికి వచ్చే ఉబ్బరం కేసుల్లో పల్లె ఆవులకు ఎక్కువగా మిగిలిపోయిన పెళ్లి అన్నం, పొంగలి పెట్టి ఉంటారు. ప్రేమతోనే పెడతారు. కడుపులో అది పులిసి ఆమ్లంగా మారి పశువు కూలబడుతుంది. పట్టణం ఆవులకైతే కడుపు కోసి ప్లాస్టిక్ సంచులు తీయాల్సి వస్తుంది.

అన్నా ఎర్రమన్నుపొలం, కాల్షియం కాక మూడు సూదులు వేశాడన్నారు. ఆ ఖాళీ సీసాలున్నాయా?

ఎర్రమన్నుపొలం
పేడదిబ్బ పక్కన దొరికాయి. ఒకటి బి విటమిన్. ఒకటి యాంటీబయాటిక్. మూడోది నొప్పుల మందు డైక్లోఫెనాక్, మనుషుల మందుల దుకాణంలో అమ్మే రకం.

తెల్లకోటు_చివరిఏడాది
డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడకూడదని 2006లోనే నిషేధించారు. ఆ మందు పడిన పశువు చనిపోతే, ఆ కళేబరం తిన్న రాబందులకు మూత్రపిండాలు పాడై చచ్చిపోతాయి. మన దేశంలో రాబందులు కనిపించకుండా పోవడానికి అదే ముఖ్య కారణం. పైగా పాల జ్వరానికి దానితో పనే లేదు. యాంటీబయాటిక్‌తోనూ పని లేదు. వేసినప్పుడు ఇన్ని రోజులు పాలు కేంద్రానికి పోయవద్దని చెప్పాలి. చెప్పాడా?

ఎర్రమన్నుపొలం
ఒక్క ముక్క చెప్పలేదు. ఇంకా జున్నుపాలే కాబట్టి కేంద్రానికి పోయడం మొదలుపెట్టలేదు.

చింతచెట్టుకింద
ఆగండి, మీరు మొన్న ఊళ్లో పంచిన జున్ను తిన్నాకే కదా నా దగ్గు తగ్గింది!

పాలబిందె
నవ్వులాట పక్కన పెడితే, ఒక సంగతి గమనించారా? ఆవు ఆరోగ్యంగా ఉన్న రోజు అందరూ వస్తారు. చెవికి ట్యాగు వేస్తారు, గాలికుంటు టీకా వేస్తారు, ఫోటో తీస్తారు, లెక్క రాసుకుంటారు. జబ్బు చేసిన రాత్రి వచ్చేది ఆ బైకు ఒక్కటే. ఆయనకు చదువు లేదని మాకు తెలియక కాదు పిలిచేది. ఆయన వస్తాడు కాబట్టి పిలుస్తాం. చదువుకున్నవాళ్లు ఆయన్ను తరిమేయాలంటే ఆయన కంటే ముందు రావాలి, అంతే.

పాతమందులపెట్టె
అమ్మాయి మాటకు నా దగ్గర జవాబు లేదు. అయినా టీకాను చిన్నచూపు చూడవద్దు. 2019 నుంచి కేంద్రం గాలికుంటుకు ఏటా రెండు విడతలు ఉచితంగా వేయిస్తోంది. నోట్లో పుళ్లు, గిట్టల మధ్య పుళ్లు, ఆ పుళ్లలో పురుగులు... అలాంటి మందలను నేను చూశాను. అంతకుముందు ఊరికి గాలికుంటు వచ్చిందంటే పాల క్యాన్లు ఖాళీ.

తోతాపురి
టీకా వేసిన రెండు మూడు రోజులు పాలు తగ్గుతాయి. మా ఇంట్లో నాన్న అందుకే ‘ఈ విడత వద్దు, వచ్చే విడత చూద్దాం’ అంటారు. వచ్చే విడతా అదే మాట.

తెల్లకోటు_చివరిఏడాది
తగ్గేది ఆ కొద్ది రోజులే, మళ్లీ మామూలవుతాయి. రోగమే వస్తే ఆ ఈత పాలు ఇక పోయినట్టే.

పాలబిందె
దానికి ఇప్పుడు ఓటీపీ ఒకటి. టీకా వేసి, చెవి ట్యాగు మీది 12 అంకెలు ఫోనులో కొట్టి, ‘ఓటీపీ వచ్చింది, చెప్పండక్కా’ అంటాడు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని బ్యాంకు వాళ్లు నెలనెలా సందేశం పంపిస్తారు. మా అత్తగారు ‘చెప్పకపోతే టీకా వెనక్కి తీసుకుంటావా’ అని అడిగింది ఆ అబ్బాయిని. పాపం వాడు నవ్వి గేటు దగ్గరే కూర్చున్నాడు, బెంగళూరు నుంచి మా ఆయన ఓటీపీ చదివే దాకా.

గొర్రెలమంద
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. శ్రీకాళహస్తి వైపు మాది. మీకందరికీ కొట్టం ఉంది, చిరునామా ఉంది. మా మంద మేత వెంట నడుస్తుంది. వానలకు ముందు చిటుకు రోగం టీకా వేసే వేళకు మేం వేరే మండలంలో ఉంటాం. అక్కడికి వెళ్లి అడిగితే మీ ఊళ్లో వేయించుకోండి అన్నారు ఒక చోట. తొలకరి గడ్డి బాగా తిన్న పొట్టేలు, మందలో కల్లా బలమైనది, సాయంత్రం నిక్షేపంగా ఉండి తెల్లవారేసరికి కాళ్లు తన్నుకుని పోతుంది. ఆవు పోతే ఊరంతా వచ్చి అయ్యో అంటారు. గొర్రె పోతే కూర ఎంతకిస్తావని అడుగుతారు.

పాతమందులపెట్టె
ఏ మండలంలో ఉంటే ఆ మండలంలోనే అడగండి, టీకా మందకు గాని ఊరికి కాదు. ఒక కేంద్రంలో కాదంటే సహాయ సంచాలకుల కార్యాలయానికి ఫోను చేయించండి. చిటుకు టీకా ఏటా వానలకు ముందు పడాలి. పారుడు రోగం టీకా ఒకసారి వేస్తే మూడేళ్ల దాకా కాపాడుతుంది, కాబట్టి ఎప్పుడు వేయించారో పుస్తకంలో రాసుకోండి. ఇంకొక మాట, కూర అన్నారు కాబట్టి. అకస్మాత్తుగా చచ్చిపోయి ముక్కు నుంచో పేడ దారి నుంచో నల్లటి రక్తం కారి, అది గడ్డకట్టకపోతే, ఆ గొర్రెను కోయవద్దు, తోలు తీయవద్దు. అది దొమ్మ (ఆంత్రాక్స్) కావచ్చు, మనుషులకు అంటుతుంది. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. డాక్టరుకు కబురు పెట్టండి.

గొర్రెలమంద
దొమ్మ సంగతి మా తాత చెప్పేవాడు. మా కుర్రవాళ్లకు మాత్రం తెలియదు, చెబుతాను.

ఊరికిదూరం
బీమా గురించి ఎవరైనా చెప్పండి. నాన్న ప్రీమియం కట్టానంటారు, కాగితం ఎక్కడుందో అమ్మకు కూడా తెలియదు.

పాతమందులపెట్టె
కేంద్ర పశుసంపద మిషన్ కింద రైతు కట్టాల్సింది ప్రీమియంలో 15 శాతమే, మిగతాది ప్రభుత్వాలు భరిస్తాయి. కాగితం పోయినా ముందు ట్యాగు పోకుండా చూసుకోండి. ఊడిపోతే వెంటనే కొత్తది వేయించి నమోదు మార్పించాలి. పశువు చనిపోతే పూడ్చే ముందు డాక్టరు చేత శవ పరీక్ష చేయించి ధ్రువపత్రం తీసుకోవాలి. ట్యాగుతో సహా ఫోటోలు ఉండాలి. ఏడుస్తూ ఆ పూటే పూడ్చేసి తర్వాత డబ్బు రాలేదనే వాళ్లను చాలామందిని చూశాను.

ఎర్రమన్నుపొలం
నేను అడిగినదానికి ఇంకా జవాబు రాలేదు. మళ్లీ రాత్రి పూట అలాగే పడితే?

తెల్లకోటు_చివరిఏడాది
రెండు సంగతులు అన్నా. ముందు పడకుండా చూడటం. చూడి చివరి నెలల్లో ఏం పెట్టారు?

ఎర్రమన్నుపొలం
బాగానే పెట్టాను. దుకాణం వాడు ఇచ్చిన కాల్షియం టానిక్ రోజూ పట్టించాను, ఎముక గట్టిపడుతుందని.

తెల్లకోటు_చివరిఏడాది
చాలామంది అదే చేస్తారు. ఈనే ముందు వారాల్లో కాల్షియం దండిగా అందుతుంటే ఒళ్లు ఎముకల్లోంచి తీసుకునే పని మానేస్తుంది. ఈనిన రోజు ఒక్కసారిగా కావాల్సి వచ్చేసరికి తీసుకోలేక కూలబడుతుంది. చివరి మూడు వారాలు టానిక్ ఆపి, ఈనబోయే రోజు నుంచి మొదలుపెట్టాలి. దుకాణం వాడు చెప్పడు, వాడికి సీసా అమ్ముడుపోవాలి. ఈ ఆవుకు ఒకసారి వచ్చింది కాబట్టి మళ్లీ రావచ్చు. ఈసారి ఈనాక మొదటి రెండు రోజులు పొదుగు పూర్తిగా పిండవద్దు.

పాలబిందె
పిండకుండా వదిలేస్తే పొదుగువాపు రాదా? మా అత్తగారు చుక్క కూడా మిగల్చనివ్వదు.

తెల్లకోటు_చివరిఏడాది
మీ అత్తగారు మామూలు రోజులకు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఇది పాల జ్వరం వచ్చే ఆవుకు, ఆ రెండు రోజులకే. పొదుగును మాత్రం చూసుకుంటూ ఉండాలి.

రెండోది, పడిపోయాక డాక్టరు వచ్చే దాకా. పక్కకు ఒరిగి పడుకోనివ్వకండి, గడ్డి మోపులో ఇసుక బస్తాలో ఆనించి రొమ్ము మీద కూర్చోబెట్టండి, లేకపోతే కడుపు ఉబ్బుతుంది. నోట్లో నీళ్లు, గంజి, కషాయం ఏదీ పోయకండి, అప్పుడు దానికి మింగే శక్తి ఉండదు. కింద గడ్డి పరిచి, కొన్ని గంటలకొకసారి పక్క మార్చండి.

పాలబిందె
మా ఊరి పద్ధతి చెబుతాను, పనికొస్తే చూడండి. ఆడవాళ్ల సంఘంలో ఆవులున్న ఇళ్లన్నీ కలిసి, పట్టణంలో ఉంటున్న ఒక రిటైర్డ్ పశువైద్యుడితో మాట్లాడుకున్నాం. ఇంటికి ఇంత అని నెలనెలా పోగేసి ఇస్తాం. రాత్రి ఫోను ఎత్తడం ఆయన వంతు, రావాల్సి వస్తే బండి పంపడం మా వంతు. సగం సార్లు వీడియోలో చూసి ‘తెల్లవారే దాకా ఆగవచ్చు, పడుకోండి’ అంటారు. ఆ ఒక్క మాట కోసమే డబ్బులిచ్చినా నష్టం లేదు. ఆయన మందుల చీటీ రాస్తే మా ఊరి డిప్లొమా కుర్రవాడు ఆయన చెప్పినట్టు వేస్తాడు. ఇప్పుడు బైకు ఆయన మా వీధికి రావడం తగ్గింది.

తోతాపురి
ఇది నాకు నచ్చలేదు. ప్రభుత్వం చేయాల్సిన పనికి మనం చందాలు వేసుకుంటే, ఆ ఖాళీ పోస్టు ఎప్పటికీ నిండదు. ‘వాళ్లే చూసుకుంటున్నారు’ అని ఊరుకుంటారు.

పాలబిందె
నిజమే. పోస్టు నిండేదాకా ఆవును ఈనకుండా ఉండమని మీరు చెప్పి చూడండి.

తోతాపురి
చందా వేసుకోండి, అర్జీ కూడా పెట్టండి అంటున్నాను. ఒకటి చేసి రెండోది మానేయకండి. సోమవారం సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు. ఒక్కరు వెళితే రసీదు ఇచ్చి పంపుతారు. పాల కేంద్రంలో పోసేవాళ్లందరి సంతకాలతో, మండలంలో ఎన్ని పశువులున్నాయో ఆ అంకె రాసి, పోస్టు ఎప్పటి నుంచి ఖాళీయో రాసి ఇవ్వండి. పశుగణన లెక్క మీ సహాయకుడి దగ్గరే ఉంటుంది.

పాతమందులపెట్టె
ఇన్‌ఛార్జి డాక్టరు మీద ఫిర్యాదుగా మాత్రం రాయకండి. పోస్టు నింపమని రాయండి. ఫిర్యాదు రాస్తే ఆయన్ను బదిలీ చేసి రెండు మండలాలనూ ఖాళీ పెడతారు. ఇలాంటివి చూసి చూసి చెబుతున్నాను.

చింతచెట్టుకింద
ముప్పై ఏళ్ల సర్వీసు అంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది.

ఎర్రమన్నుపొలం
సరే. సంతకాలు రేపు ఉదయం పాల కేంద్రం దగ్గర మొదలుపెడతాను, అందరూ అక్కడికే వస్తారు. పాలబిందె అమ్మా, మీ డాక్టరు గారు మా వైపు ఊళ్లు కూడా చూస్తారేమో కనుక్కుని చెప్పండి. పోతే, పుట్టిన పెయ్యకు కాన్పులు పోయే జబ్బు టీకా వేయించాలని సహాయకుడు అంటున్నాడు. ఇప్పుడే వేయించాలా?

పాతమందులపెట్టె
అది బ్రూసెల్లోసిస్ టీకా. ఇప్పుడే కాదు. పెయ్యకు నాలుగు నెలలు నిండాక, ఎనిమిది నెలలు దాటకముందు వేయాలి. జన్మకు ఒక్కసారే. కోడెదూడలకు వేయరు, చూడి ఆవులకు అసలు వేయకూడదు. పుట్టిన తేదీ కొట్టం గోడ మీద సుద్దతో రాసి పెట్టండి. వేసేటప్పుడు చేతులకు తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకోమని ఆ అబ్బాయికి చెప్పండి. అది బతికున్న క్రిముల టీకా, సూది పొరపాటున చేతికి గుచ్చుకుంటే మనిషికే జబ్బు వస్తుంది.

పాలబిందె
ఎర్రమన్నుపొలం అన్నా, డాక్టరు గారిని అడిగాను. దూరం కాబట్టి రాలేనన్నారు, వీడియోలో అయితే చూస్తానన్నారు. ముందు మీ వైపు ఎన్ని ఇళ్లు కలుస్తాయో చెప్పమంటున్నారు.